ఫోన్లో బేరమాడి ఆటగాళ్లను తేవద్దు: తిరుపతి, చిత్తూరు ఫుట్‌బాల్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఫుట్‌బాల్ జట్ల మేనేజర్లకు, టోర్నమెంటు కమిటీల పెద్దలకు, జెర్సీల మొదలు ప్రైజ్‌మనీ దాకా జేబులోంచి తీసి పెడుతున్న దాతలకు,

నమస్కారం.

క్రికెట్ తప్ప మరో ఆటకు మైదానంలో మూల కూడా దొరకని రోజుల్లో మీరు ఫుట్‌బాల్‌ను బతికించుకొస్తున్నారు. అందుకు కృతజ్ఞతలు. ఇక అసలు సంగతికి వస్తాం. ఈ విషయం మీద ఇదివరకు రెండుసార్లు రాసిచ్చిన వినతిపత్రాలకు ఇప్పటికీ జవాబు లేదు. కూర్చుని మాట్లాడదాం అన్నారు. టోర్నమెంట్లు వచ్చాయి, పోయాయి, ఎవరూ కూర్చోలేదు. అందుకే ఈసారి ఊరంతా చదివేలా రాస్తున్నాం.

ఏ జట్టు ఎవరితో ఆడాలో తేల్చే డ్రా తీసిన సాయంత్రం నుంచే మన జట్లలో ఫోన్లు మొదలవుతాయి. చెన్నైలో ఒక స్ట్రైకర్ ఉండాడంట, వేలూరులో ఒక స్టాపర్ ఉండాడంట, బెంగళూరులో ఎవరో లీగ్ ఆడొచ్చినాడంట. చూసినవాడు ఒక్కడూ ఉండడు, అన్నీ ‘అంట’లే. మ్యాచ్ రోజు పొద్దున ఆ ‘గెస్ట్ ప్లేయర్లు’ రైలో బస్సో దిగి, గ్రౌండ్ పక్కనే జెర్సీ తొడుక్కుని, పక్కవాడి పేరు కూడా తెలియకుండా లోపలికి దిగుతారు. ఏడాది పొడుగునా ఎస్వీ యూనివర్సిటీ తారకరామ స్టేడియంలోనో, చిత్తూరు మెసానికల్ మైదానంలోనో తెల్లారకముందే బూట్లు కట్టుకున్న మన పిలకాయలు ఆ పూట నీళ్ల సీసాలు మోస్తారు.

బయటి ఆటగాణ్ణి తేవడమే తప్పని మేము అనడం లేదు. సరైనవాణ్ణి తెచ్చుకోవడం ఫుట్‌బాల్‌లో సగం విద్య. పెద్ద పెద్ద క్లబ్బులు ఆ విద్యతో బాగుపడ్డ లెక్కలూ, చేతులు కాల్చుకున్న లెక్కలూ అందరికీ తెలిసేలా నమోదై ఉన్నాయి. కోట్ల పౌండ్లతో వాళ్లు చేసిన తప్పునే మనం వేల రూపాయలతో చేస్తున్నాం. తేడా ఒక్కటే, వాళ్లకు తట్టుకునే స్తోమత ఉంది.

1. ఫోన్ మాట నమ్మడం.

1996లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ మేనేజర్ గ్రేమ్ సూనెస్‌కు ఒక ఫోన్ వచ్చింది. మాట్లాడేది సాక్షాత్తూ అప్పటి ప్రపంచ మేటి ఆటగాడు జార్జ్ వేయా అన్నారు. అలీ దియా అనే కుర్రాడున్నాడు, సెనెగల్ దేశానికి ఆడాడు, తీసుకోండి అన్నారు. క్లబ్బు నెల రోజుల ఒప్పందం రాసుకుంది. ఆర్సెనల్ రిజర్వు జట్టుతో ఒక మ్యాచ్‌లో ఆడించి చూద్దామనుకున్నారు గానీ, మైదానంలో నీళ్లు నిలిచి ఆ మ్యాచ్ రద్దయింది. పరీక్ష పోయింది, ఆటగాడు మాత్రం మిగిలాడు. నవంబర్ 23న లీడ్స్ జట్టు మీద 32వ నిమిషంలో, గాయపడిన తమ ముఖ్య ఆటగాడు లె టిసియే స్థానంలో దింపారు. 85వ నిమిషంలో బయటికి లాగేశారు. ఫోన్ చేసింది వేయా కానే కాదు.

చదివి నవ్వుకుంటాం. కానీ ఇందులో గమనించాల్సింది మోసగాడి తెలివి కాదు. వానకు రద్దయిన పరీక్షను మరో రోజు పెట్టకుండానే మైదానంలోకి పంపడం, అదీ అసలు తప్పు. మన దగ్గరైతే రద్దవడానికి పరీక్షంటూ ఉండనే ఉండదు. 2010లో మాంచెస్టర్ యునైటెడ్ అంతటి క్లబ్బు బెబే అనే కుర్రాడికి 74 లక్షల పౌండ్ల దాకా పోసింది. ఒప్పందానికి ముందు అతని ఆట తాను చూడలేదని మేనేజర్ ఫెర్గూసనే ఒప్పుకున్నాడు. అతను ఆ జట్టుకు ఆడింది మొత్తం 7 మ్యాచ్‌లు. దామలచెరువు మండీలో కాయను చేత్తో పట్టి చూడకుండా తోతాపురికి ధర కట్టే వ్యాపారి ఉన్నాడా?

2. గడియారం చూసి కొనడం.

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాం, మన జట్ల అసలు జబ్బు ఇదే కాబట్టి.

2011 జనవరి 31, ఇంగ్లండ్‌లో బదిలీల గడువుకు చివరి రోజు. లివర్‌పూల్ తన స్ట్రైకర్ ఫెర్నాండో టోరెస్‌ను 5 కోట్ల పౌండ్లకు చెల్సీకి అమ్మింది. చేతిలో డబ్బుంది, ముందు వరుస ఖాళీ అయింది, గంటలే మిగిలాయి. న్యూకాసిల్ నుంచి ఆండీ క్యారొల్‌ను 3.5 కోట్ల పౌండ్లకు తెచ్చింది. లీగ్‌లో 44 మ్యాచ్‌లు, 6 గోల్స్. లివర్‌పూల్ చరిత్రలోని చెత్త కొనుగోళ్ల జాబితా ఎవరు రాసినా ఆ పేరు తప్పదు. టోరెస్‌ను కొన్న చెల్సీ కూడా బాగుపడలేదు, లీగ్‌లో 110 మ్యాచ్‌లకు 20 గోల్సే.

అదే రోజు, అదే లివర్‌పూల్‌లో ఇంకో సంతకం పూర్తయింది. అయాక్స్ నుంచి లూయిస్ సువారెజ్, సుమారు 2.27 కోట్ల పౌండ్లు. ఆ బేరం టోరెస్ వెళ్లకముందే కుదిరింది. ఎలాంటి ఆటగాడు కావాలో, ఎందుకు కావాలో తేల్చుకుని అడిగిన బేరం అది. 133 మ్యాచ్‌లలో 82 గోల్స్ కొట్టి, 2014లో బార్సిలోనాకు సుమారు మూడు రెట్ల ధరకు వెళ్లాడు. ఒకే క్లబ్బు, ఒకే రోజు, మంచి కొనుగోలూ చెడ్డ కొనుగోలూ పక్కపక్కనే. తీరిగ్గా కొన్నవాడు చవగ్గా వచ్చాడు, హడావిడిగా కొన్నవాడు ప్రియమయ్యాడు.

బార్సిలోనాకూ ఇదే తగులుకుంది. 2017లో నెయ్‌మార్‌ను 22.2 కోట్ల యూరోలకు అమ్మాక, దాని జేబు నిండుగా ఉందని అమ్మేవాళ్లందరికీ తెలిసిపోయింది. 2018 జనవరిలో కుటీన్యో కోసం 12 కోట్ల యూరోలు ఇచ్చి, పైన మరో 4 కోట్ల దాకా షరతుల మీద ఒప్పుకుంది. అతన్ని లివర్‌పూల్ 2013లో కొన్నది 85 లక్షల పౌండ్లకే. బార్సిలోనాలో ఇమడలేక అరువు మీద జర్మనీ క్లబ్బు బయర్న్‌కు వెళ్లిన కుటీన్యో, 2020 ఆగస్టులో బయర్న్ 8-2తో బార్సిలోనాను చిత్తు చేసిన మ్యాచ్‌లో తనే రెండు గోల్స్ కొట్టాడు. సొంత డబ్బుతో కొరివి కొనుక్కోవడమంటే అదే.

డ్రా పడ్డాక వెతకడం మొదలుపెట్టిన మేనేజరుకు బేరమాడే బలం ఉండదు. అవతలి ఏజెంటుకు మన తేదీ తెలుసు. రేపు మ్యాచ్ ఉందని తెలిసినవాడు ఈ రోజు రేటు తగ్గించడు.

3. అవసరం ఒకటి, తెచ్చేది ఇంకొకటి.

మన జట్లు తెచ్చేది దాదాపు ఎప్పుడూ స్ట్రైకర్‌నే. ఓడిపోయేది మాత్రం నడి మైదానంలో బంతి పోగొట్టుకుని, వెనక్కి పరుగెత్తేవాడు లేక. 2015లో ఇంగ్లండ్ క్లబ్బు లెస్టర్ సిటీ, ఫ్రాన్స్‌లోని కాన్ క్లబ్బు నుంచి 56 లక్షల పౌండ్లకు ఎన్గోలో కాంటేను తెచ్చింది. పొట్టివాడని ఎన్నో చోట్ల పక్కన పెట్టిన మనిషి. అతని పని గోల్స్ కొట్టడం కాదు, ఎదుటివాడి కాళ్లలోంచి బంతి తీసి పక్కవాడికివ్వడం. ఆ పక్కవాళ్లెవరంటే, సుమారు నాలుగున్నర లక్షల పౌండ్లకు ఫ్రాన్స్ రెండో డివిజన్ నుంచి వచ్చిన మహ్రెజ్, లీగ్ స్థాయికి దిగువన ఆడిన ఫ్లీట్‌వుడ్ క్లబ్బు నుంచి 10 లక్షలకు వచ్చిన వార్డీ. 2015-16లో ఆ జట్టు ప్రీమియర్ లీగ్ గెలిచింది. సీజన్ మొదట్లో ఆ జట్టు గెలుస్తుందన్న పందెం 5000కు 1. మరుసటి వేసవిలో కాంటే చెల్సీకి 3.2 కోట్లకు వెళ్లి, అక్కడ కూడా లీగ్ గెలిచాడు.

ధర ఎక్కువైతే చెడ్డ కొనుగోలని మా ఉద్దేశం కాదు. లివర్‌పూల్ వాన్ డైక్‌కు 7.5 కోట్ల పౌండ్లు పెట్టినప్పుడు డిఫెండరుకు అంతా అని ముక్కున వేలేసుకున్నారు. 2017 వేసవిలో దొరకలేదని ఇంకొకరిని తెచ్చి సరిపెట్టుకోకుండా, జనవరి దాకా ఆగి అతన్నే తెచ్చారు. 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో ముప్పై ఏళ్ల తర్వాత లీగ్ వచ్చాయి.

4. పేరు చూసి, వయసూ ఒళ్లూ చూడకపోవడం.

ఉక్రెయిన్ స్ట్రైకర్ షెవ్‌చెంకో 2004లో, ఏటి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డోర్ గెలిచాడు. చెల్సీ 2006లో, ముప్పైకి దగ్గరపడ్డాక, సుమారు 3 కోట్ల పౌండ్లకు తెచ్చింది. లీగ్‌లో 48 మ్యాచ్‌లు, 9 గోల్స్. ముందువరుస ఆటగాడి బలమంతా మొదటి పది అడుగుల్లో ఉంటుంది. ముందుగా తగ్గేది కూడా అదే. పాత గోల్స్ లెక్క దాన్ని చెప్పదు, గత రెండు సీజన్లలో ఆడిన నిమిషాల లెక్క చెబుతుంది. రియల్ మాడ్రిడ్ 2004లో గాయంతో ఉన్న వుడ్‌గేట్‌ను కొంటే, ఏడాది దాటాక మొదటి మ్యాచ్ ఆడి సెల్ఫ్ గోల్ వేసుకుని, రెడ్ కార్డుతో వెళ్లాడు. 2000లో వాన్ నిస్టల్‌రూయ్ మోకాలు వైద్య పరీక్షలో అనుమానం తగిలితే మాంచెస్టర్ యునైటెడ్ సంతకం ఆపింది. వెంటనే ఆ మోకాలి లిగమెంట్ తెగనే తెగింది. క్లబ్బు ఏడాది ఆగి 2001లో తెచ్చుకుంది. 219 మ్యాచ్‌లలో 150 గోల్స్ కొట్టాడు.

మన నేల సంగతి వేరే చెప్పాలి. గడ్డి మైదానంలోనో టర్ఫ్ మీదో ఆడొచ్చినవాడు మన గట్టి ఎర్రనేల మీద పొడవాటి స్క్రూ స్టడ్లతో దిగితే పాదం పట్టదు, మోకాలు మెలిక పడుతుంది. చిన్న మోల్డెడ్ స్టడ్లుండాలి. బంతి ఎగిరే తీరు కూడా వేరు, మొదటి స్పర్శ షిన్ మీద పడుతుంది. మే నెల మూడింటి ఎండలో పెనంలా కాలే గ్రౌండుకు అలవాటు లేనివాడికి రెండో సగంలో కండరాలు పట్టేస్తాయి. మన పిలకాయలకు ఇవేవీ కొత్త కాదు.

5. కాగితాలు.

2017 ఆగస్టు 31న కొత్తగా కొన్న అడ్రియెన్ సిల్వా రిజిస్ట్రేషన్‌ను లెస్టర్ గడువు దాటి 14 సెకన్లు ఆలస్యంగా పంపింది. ఫిఫా ఒప్పుకోలేదు, జనవరి దాకా అతను జీతం తీసుకుని కూర్చున్నాడు. మన దగ్గర ఆలస్యం లెక్క సెకన్లలో కాదు, సీజన్లలో. జాతీయ సమాఖ్య కేంద్రీకృత రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా, పాత క్లబ్బు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేకుండా, ఒకే మనిషి ఒకే నెలలో మూడు జట్ల జెర్సీలు వేయడం మామూలైపోయింది. అర్హత లేనివాణ్ణి ఆడించారని ఎదుటి జట్టు ఫిర్యాదు చేస్తే, గెలిచిన మ్యాచ్ కూడా 3-0తో ఓడినట్టు రాస్తారు. అప్పుడు పోయేది ఆ ఒక్కడి మ్యాచ్ కాదు, మిగతా పదిమంది కష్టం.

6. నష్టపోతున్నది ఎవరు?

ఆటో తోలేవాళ్ల పిల్లలు, లాడ్జీల్లో పనిచేసేవాళ్ల పిల్లలు, పూలంగళ్ల వాళ్ల పిల్లలు. బూట్లు అరిగితే కొత్త జతకు వెయ్యి రూపాయల పైచిలుకు ఆ ఇంటికి చిన్న ఖర్చు కాదు. మ్యాచ్ ఆడితేనే స్కోరు షీటులో పేరు పడుతుంది. పేరు పడితేనే జిల్లా ఎంపికల్లో చూస్తారు. అక్కణ్ణుంచే రాష్ట్ర స్థాయి, స్పోర్ట్స్ కోటా సీటు, ఉద్యోగం. బెంచి మీద కూర్చున్నందుకు ఏ సర్టిఫికెట్టూ రాదు. రెండేళ్లు అలా కూర్చోబెడితే పదిహేడేళ్ల కుర్రాడు ఇంట్లో మాట పడలేక ఆట మానేసి డెలివరీ బండి ఎక్కుతాడు. దాతలారా, పొరుగింటి పుల్లకూర రుచి అనుకుని మీరు ఒక ఆదివారానికి పెట్టే దుడ్లతో ఇలాంటి నలుగురికి ఏడాది బూట్లు వస్తాయి.

ఇంట్లోవాణ్ణి వదులుకుని మళ్లీ కొనుక్కున్న వింత కూడా ఉంది. మాంచెస్టర్ యునైటెడ్ తన అకాడమీలో పెరిగిన పోగ్బాను 2012లో పోనిచ్చింది, 2016లో 8.9 కోట్ల పౌండ్లకు తిరిగి తెచ్చింది, 2022లో మళ్లీ ఉచితంగా పోగొట్టుకుంది. వార్డీని పదహారేళ్లప్పుడు షెఫీల్డ్ వెన్స్‌డే చిన్నగా ఉన్నాడని పంపేసింది. అతను వారానికి 30 పౌండ్లకు చిన్న క్లబ్బులో ఆడుతూ ఫ్యాక్టరీలో పనిచేశాడు. మన ఎంపికల్లో ‘పిల్లోడు సన్నంగా ఉండాడు’ అన్న ఒక్క మాటతో ఎంతమందిని వెనక్కి పంపుతున్నారో మీకే తెలుసు.

మన తెలుగువాళ్లకు ఆటగాళ్లు కొరత కాదు. సికింద్రాబాద్ నుంచి తులసీదాస్ బలరామ్‌ను కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్ తీసుకుపోయింది. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టును తీర్చిదిద్దింది ఒకే మనిషి, రహీమ్ సాబ్. పక్కనున్న అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ పల్లె పిల్లలతోనే లీగ్ నడిపి చూపింది. మనకూ అనంతపురానికీ మధ్య ఉన్న దూరం ఒక రాత్రి బస్సు.

7. మేము కోరుతున్నవి.

అ) బయటి ఆటగాడి పేరు డ్రాకు కనీసం 30 రోజుల ముందే జాబితాలో పడాలి. ఆ తర్వాత చేర్చిన పేరు చెల్లదని కమిటీ నియమావళిలో రాయాలి. ఈ ఒక్కటి అమలైతే ఫోన్ల బేరం సగం ఆగుతుంది.

ఆ) రెండు రోజుల ట్రయల్, మన నేల మీదే. మొదటి రోజు 20 నిమిషాల వార్మప్, మూడు నిమిషాల విరామంతో 30 మీటర్ల పరుగు రెండుసార్లు, తర్వాత 40×30 మీటర్ల గడిలో నలుగురికి నలుగురు, నాలుగు నిమిషాల చొప్పున ఆరు రౌండ్లు, మధ్యలో రెండేసి నిమిషాలు ఆపు. రెండో రోజు అతన్ని ఏ స్థానానికి తెస్తున్నారో ఆ స్థానంలో 45 నిమిషాల మ్యాచ్. రెండో రోజు ఎందుకంటే, మొదటి రోజు ఉత్సాహంతో ఎవరైనా ఆడతారు. ఒళ్లు నొప్పులున్నప్పుడు ఎవరు దాక్కుంటారో మర్నాడే తెలుస్తుంది.

ముగ్గురు చూడాలి, విడివిడిగా రాయాలి, కాగితాలు ఇచ్చేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. లేకపోతే పెద్దాయన మాటే ముగ్గురి మాట అవుతుంది. రాయాల్సినవి నాలుగే: బంతి అందేలోపు తల తిప్పి చుట్టూ చూశాడా, మొదటి స్పర్శ ఎటు పోయింది, బంతి పోయాక ఐదు సెకన్లలో ఏం చేశాడు, బలహీనమైన కాలు పనికొస్తుందా. వీడియో పంపితే గోల్స్ ముక్కలు అతికించింది వద్దు, అతని జట్టు ఓడిన మ్యాచ్ 90 నిమిషాలూ అడగండి.

ఇ) సిఫారసు ఫోన్ వస్తే పెట్టేయండి. అతని పాత క్లబ్బు నంబరు మీరే సంపాదించి, మీరే తిరిగి చేయండి.

ఈ) వైద్య పరీక్ష తప్పనిసరి. ఈసీజీ, మోకాలి వాపు, లిగమెంట్ పట్టు చూడాలి. ఒంటికాలి మీద గెంతే దూరంలో రెండు కాళ్లకూ తేడా పది శాతం మించితే ఆ సీజనుకు వద్దు. లిగమెంట్ ఆపరేషన్ అయి తొమ్మిది నెలలు నిండనివాణ్ణి ఎంత పేరున్నా దించవద్దు. రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులున్న ఊళ్లో ఈ పరీక్షలకు చోటు లేదనడం కుదరదు.

ఉ) ఒక్కో జట్టుకు బయటివాళ్లు ఇద్దరే. ప్రతి మ్యాచ్‌లో మొదటి పదకొండు మందిలో కనీసం ముగ్గురు పద్దెనిమిది లోపు స్థానికులు.

ఊ) డబ్బు మూడు వాయిదాల్లో, రసీదు మీద. వచ్చినప్పుడు కొంత, లీగ్ దశ అయ్యాక కొంత, చివరి మ్యాచ్ తర్వాత మిగతాది. గాయమైతే వైద్య ఖర్చు ఎవరిదో ముందే రాసుకోవాలి. ఇది ఆటగాడి మేలుకు కూడా. ఆడించుకుని, ఓడాక చార్జీలు కూడా ఇవ్వకుండా పంపిన సందర్భాలు మన టోర్నమెంట్లలో లేవని ఎవరూ అనలేరు.

ఋ) పన్నెండేళ్లు నిండిన ప్రతి పిల్లవాణ్ణీ, పిల్లనీ క్లబ్బు పేరుతో రిజిస్టర్ చేయించాలి. ఫిఫా సంఘీభావ నిధి నియమం ప్రకారం, ఒప్పందం నడుస్తుండగా ఆటగాడు డబ్బు మీద విదేశీ క్లబ్బుకు మారితే, ఆ మొత్తంలో 5 శాతం అతన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య తర్ఫీదు చేసిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 దాకా ఒక్కో ఏడాదికి మొత్తంలో 0.25 శాతం, ఆ తర్వాత ఒక్కో ఏడాదికి 0.5 శాతం. కోటి రూపాయల బదిలీలో మొదటి నాలుగేళ్లు పెంచిన క్లబ్బుకు లక్ష. మన కుర్రాడు అంత దూరం వెళ్లడం ఈ రోజుకు కలే, ఒప్పుకుంటాం. కానీ రిజిస్టర్ చేయనివాడు వెళ్లినా మనకు పైసా రాదు, మన పేరు కూడా రాదు.

ఈ ఏడు కోరికల్లో కుదరనివి ఏవో, ఎందుకు కుదరవో రాతపూర్వకంగా చెప్పండి, చర్చకు వస్తాం. రెండు రోజుల ట్రయల్‌కు గడి గీయడానికి, స్టాప్‌వాచ్ పట్టడానికి, కాగితాలు నింపడానికి మనుషులు మా దగ్గరున్నారు, రూపాయి అడగరు. అ, ఉ నియమాలు రెండూ నియమావళిలో చేరేదాకా వచ్చే టోర్నమెంట్లకు మాలోని రెఫరీలు విజిల్ పట్టరు, శిక్షకులు జట్టు జాబితా మీద సంతకం పెట్టరు. డ్రా తీసేలోపు జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు మైదానాల శిక్షకులు, రెఫరీలు, పాత ఆటగాళ్లు